దయ్యం సినిమాలు ఎలా మారాయో ఇంట్లోనే వరుసగా చూసి తెలుసుకోవడం ఎలా

హారర్ సినిమాల చరిత్రను చదివి నేర్చుకుంటే పేర్లూ సంవత్సరాలూ గుర్తుంటాయి గానీ, భయపెట్టే పద్ధతి ఎప్పుడు ఎటు తిరిగిందో పట్టుబడదు. అది పట్టుబడాలంటే ఎంచుకున్న కొన్ని సినిమాలను కాలక్రమం తప్పకుండా, వీలైనంతవరకు ఒకే గదిలో, అదే తెరమీద, అవే నాలుగు ముఖాల మధ్య కూర్చుని చూడాలి. వందేళ్ళలో దయ్యం స్వభావం పెద్దగా మారలేదని, దాన్ని దాచే చోటు మాత్రమే మారుతూ వచ్చిందని నా అభిప్రాయం. మొదట్లో అది దూరదేశపు కోటలో, గోడమీది నీడలో ఉండేది. తరువాత చప్పుడులోకి, పొరుగు మనిషిలోకి, పిల్ల పడుకున్న గదిలోకి, చివరకు ఇంట్లో టీవీలోకి వచ్చింది. కింద చెప్పిన పద్ధతి ఆ చోటును గుర్తుపట్టడానికి ఉద్దేశించినది. కర్నూలులో ఉండి రాస్తున్నాను కాబట్టి మా ఎండలను, మా ఇళ్ళను దృష్టిలో పెట్టుకున్నాను. అనంతపురం, కడప వాళ్ళు ఇందులో మార్చుకోవలసింది పెద్దగా ఉండదు.

మొదలుపెట్టే ముందు

ఈ వరుసను వేసవిలో మొదలుపెట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు రాత్రి పది దాటినా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి కాబట్టి, కిటికీలు తెరిచి ఫ్యాను ఐదులో పెట్టుకోక తప్పదు. తెరిచిన కిటికీలోంచి వీధిలైటు వచ్చి తెరమీద పడుతుంది. ఫ్యాను చప్పుడు సినిమాలోని సన్నని శబ్దాలన్నింటినీ మింగేస్తుంది. 1990ల నుంచి వచ్చిన హారర్ సినిమాల్లో సగం పని ఆ సన్నని శబ్దాలే చేస్తాయి. కూలరు ఉన్న ఇంటి సంగతి ఇక చెప్పనక్కరలేదు. దసరా వెళ్ళాక మొదలుపెట్టి వారానికి ఒకటో రెండో సినిమాల చొప్పున చూస్తే సంక్రాంతి నాటికి ముగుస్తుంది. ఆ రోజుల్లో ఫ్యాను ఆపి, తలుపులు వేసుకొని కూర్చున్నా ఉక్కపోయదు.

కొత్త టీవీల్లో కదలికలను నునుపుగా చూపే అమరిక ఒకటి కంపెనీవాళ్ళే ఆన్ చేసి పంపుతారు. దాని పేరు కంపెనీని బట్టి మారుతుంది గానీ, పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ అన్న మాట ఉన్నచోట వెతికితే దొరుకుతుంది. దాన్ని ఆపకపోతే 1973 నాటి సినిమా కూడా మధ్యాహ్నం సీరియల్ మాదిరి కనిపిస్తుంది. రంగులు మెరిసిపోయే వివిడ్ మోడు బదులు సినిమా మోడు పెట్టండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద నేరుగా చూస్తే చీకటి సన్నివేశాలు గళ్ళుగళ్ళుగా విరిగిపోతాయి; వీలుంటే పగలే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఒక రూళ్ళ నోటుపుస్తకం దగ్గర ఉంచుకొని, ప్రతి సినిమాకూ నాలుగు సంగతులు రాయండి: భయపెట్టేది ఎవరు, అది ఏ చోట ఉంది, ఎన్నో నిమిషంలో మొదటిసారి పూర్తిగా కనిపించింది, చివరికి దాన్ని ఎవరు ఎలా అణచారు. ఈ నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే కాలం మారిన తీరు అందులోనే ఎక్కువగా తెలుస్తుంది. పిల్లలు కూర్చునేట్లయితే ముందుగా సెన్సారు సర్టిఫికెట్టు చూసుకోండి. 2024 నుంచి, పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గ యూఏ తరగతిలోనే ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని వేర్వేరు తరగతులు వచ్చాయి కాబట్టి కొత్త సినిమాలకు ఆ పని సులువైంది. పాతవాటికి మీ విచక్షణే దిక్కు.

నీడ, చప్పుడు

మొదటి వారం నోస్ఫెరాటు పెట్టండి. 1922లో జర్మనీలో ముర్నౌ తీసిన ఈ మూకీ సినిమాకు డ్రాకులా నవలే ఆధారం, కాని అనుమతి తీసుకోలేదు. రచయిత బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకు వెళ్ళగా, ప్రతులన్నీ నాశనం చేయాలని తీర్పు వచ్చింది. తప్పించుకున్న ప్రతుల వల్లనే అది మనదాకా చేరింది. ఇందులో చూడవలసింది మెట్లెక్కే నీడ. మనిషి కనిపించడు, పొడవాటి వేళ్ళున్న నీడ మాత్రం గోడమీద పైకి పాకుతుంది. మూకీ సినిమా కాబట్టి ఒక్కో ప్రతికి ఒక్కో సంగీతం అంటించి ఉంటుంది; ఆ సన్నివేశాన్ని ఒకసారి సౌండు పూర్తిగా తీసేసి కూడా చూడండి. భయం తగ్గదు. అది బొమ్మలోనే ఉంది.

శబ్దం వచ్చిన వెంటనే దానితో భయపెట్టడం వచ్చిందనుకుంటే పొరపాటు. 1931 నాటి డ్రాకులాలో మొదట్లో పేర్లు పడేటప్పుడు తప్ప నేపథ్య సంగీతం దాదాపు లేదు. చప్పుడును ఆయుధంగా వాడిన సినిమా కావాలంటే రెండోవారం 1942 నాటి క్యాట్ పీపుల్ చూడాలి. నిర్మాత వాల్ ల్యూటన్‌కు ఇచ్చిన డబ్బు తక్కువ. భయంకరమైన జంతువును చూపించే స్తోమత లేక, ఆయనా దర్శకుడు జాక్ టూర్నరూ దాన్ని చూపించకుండానే నడిపించారు. ఒక ఆడమనిషి రాత్రివేళ పార్కు గోడ పక్కన నడుస్తుంది. వెనక మరొక జత చెప్పుల చప్పుడు. కొంతసేపటికి వెనకది ఆగిపోతుంది. ముందున్నామె వేగం పెంచి, వెనక్కి తిరిగి చూసి, పరుగందుకొన్నాక, మన ఆర్టీసీ బస్సు ఎయిర్ బ్రేకు పడినప్పుడు వచ్చేలాంటి బుస్సు ఒకటి పక్కనుంచి వచ్చి పడుతుంది. వచ్చింది బస్సే. ఏమీ జరగలేదు, కాని కూర్చున్నవాళ్ళంతా ఉలిక్కిపడతారు. ఇప్పుడు జంప్ స్కేర్ అంటున్నదానికి మూలం ఇదేనని సినిమావాళ్ళు చెబుతారు. ఈ ఎత్తుగడకు నిర్మాత పేరుమీద ల్యూటన్ బస్ అన్న పేరు కూడా స్థిరపడింది. ఈ సన్నివేశాన్ని మూడుసార్లు చూడమని నా సలహా: ఒకసారి మామూలుగా, ఒకసారి సౌండు లేకుండా, ఒకసారి కళ్ళు మూసుకొని. మూడోసారి ఎక్కువ భయం వేస్తే సినిమా తీసినవాళ్ళ పని అర్థమైనట్టే.

అదే కాలంలో మన దేశంలో భయం పాటలో ఉండేది. 1949 నాటి హిందీ సినిమా మహల్‌లో అశోక్ కుమార్ పాడుబడ్డ భవనంలో అడుగుపెట్టాక లతా మంగేష్కర్ గొంతు ఎక్కడో దూరంగా మొదలై దగ్గరవుతుంది. చివరికి అందులో దయ్యమే లేదని తేలుతుంది గానీ, తెల్లచీర, దీపం, దూరం నుంచి వినిపించే పాట ఆ తరువాత ఎన్నో సినిమాలకు పెట్టుబడి అయ్యాయి.

తెలుగువాళ్ళకు ఆ రోజుల్లో దయ్యం కంటే మాంత్రికుడంటేనే హడలు. అందుకు 1951 నాటి పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుణ్ణి చూడాలి. ఆ సినిమా తీసిన కె.వి. రెడ్డి తాడిపత్రిలో పుట్టినవాడు, దాన్ని నిర్మించిన విజయా సంస్థకు ఒక భుజమైన నాగిరెడ్డి కడప జిల్లావాడు కాబట్టి మనం దాన్ని సొంతంగా చెప్పుకోవచ్చు. అది హారర్ సినిమా కాదు, నిజమే; కాని గుహ, పాతాళభైరవి విగ్రహం, బలి సన్నాహం ఉన్న భాగాన్ని మాత్రం వేసుకొని, ఇంట్లో అవ్వతాతలుంటే చిన్నప్పుడు ఎక్కడ చూశారో, ఎక్కడ కళ్ళు మూసుకొన్నారో అడిగి రాసుకోండి. మా వైపు పెద్దవాళ్ళు సినిమాలోని భయం గురించి మొదలుపెట్టి గాలి సోకడం, తాయెత్తులు, ఊరిబయటి చింతచెట్టు దాకా వెళతారు. ఆపకండి, తరువాతి వారాల్లో అవి పనికొస్తాయి.

1950ల్లో అమెరికా, జపాన్ సినిమాల్లో అణుబాంబు భయం రాకాసి జంతువుల రూపం ఎత్తింది. 1954 నాటి గాడ్జిల్లా ఒక్కటి చూస్తే ఆ దశాబ్దానికి సరిపోతుంది, తొందరగా దాటిపోవచ్చు.

పక్కమనిషి, పక్కగది

ఒక వారం పూర్తిగా సైకోకు కేటాయించాలి. 1960లో హిచ్‌కాక్ తీసిన ఈ సినిమాతో కోటలూ శవపేటికలూ పోయి, రోడ్డుపక్క లాడ్జిలో మర్యాదగా మాట్లాడే కుర్రవాడు వచ్చాడు. కథానాయిక అనుకున్న మనిషి సినిమా సగం కూడా కాకముందే చచ్చిపోతుంది. ఆ దెబ్బ తగలాలని, ఆట మొదలయ్యాక ఎవరినీ హాలులోకి రానివ్వకూడదని హిచ్‌కాక్ షరతు పెట్టాడు. మీరు కూడా ఆలస్యంగా వచ్చే స్నేహితుడి కోసం ఆపి ఉంచకండి. స్నానాల గది సన్నివేశంలో రక్తంగా కనిపించేది చాక్లెట్ సిరప్పు. ఆ సన్నివేశానికి సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకొన్నాడు; బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో కోసినట్టుండే ఆ వరుస కట్టి వినిపించాక మనసు మార్చుకొన్నాడు. ఇక్కడ కూడా సౌండు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి. సౌండు లేకుండా చూస్తే అది ముక్కలుముక్కలుగా కోసిన ఎడిటింగు పాఠం. సౌండు పెడితే హత్య.

1968 నాటి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ చట్టబద్ధంగా ఉచితంగా దొరుకుతుంది. విడుదల ముందు పేరు మార్చినప్పుడు కాపీరైటు ప్రకటన తెరమీద నుంచి జారిపోవడం వల్ల అమెరికాలో అది హక్కులు లేని సినిమా అయింది. జార్జ్ రొమేరో తీసిన ఈ సినిమాలో మీ నాలుగో ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా రాయాలి. రాత్రంతా లేచి తిరిగే శవాల నుంచి ప్రాణం కాపాడుకొన్న నల్లజాతి కథానాయకుణ్ణి తెల్లారాక తుపాకులు పట్టుకొచ్చిన మనుషులు కాల్చేస్తారు. అంతవరకు చూసిన సినిమాల్లో చివరికి లోకం సర్దుకొంటుంది, ఇందులో సర్దుకోదు.

1973 నాటి ది ఎగ్జార్సిస్ట్ మన ప్రాంతం వాళ్ళకు వేరే తీరుగా తగులుతుందని నా నమ్మకం. పిల్ల ప్రవర్తన మారితే ముందు ఆసుపత్రి, పరీక్షలు, స్కానింగులు, అవి తేల్చలేకపోతే పూజారో దర్గానో అన్న క్రమం మనకు కొత్తది కాదు. సినిమా సరిగ్గా అదే క్రమంలో నడుస్తుంది. కాబట్టి దయ్యం మాట్లాడే భాగం కోసం ఎదురుచూస్తూ ఆసుపత్రి సన్నివేశాలను దాటవేయకండి; మెడలోకి సూది గుచ్చే పరీక్ష దగ్గరే ఎక్కువమంది ముఖం తిప్పుకొంటారు. పడకగదిలో పాత్రల నోటినుంచి వచ్చే ఆవిరి బొమ్మలో కలిపింది కాదు. దర్శకుడు ఫ్రీడ్‌కిన్ ఆ సెట్టును నిజంగానే ఏసీ యంత్రాలతో గడ్డకట్టించాడు. పది ఆస్కార్ నామినేషన్లు వచ్చి, రెండు అవార్డులు గెలిచిన తరువాత హారర్‌ను చౌకబారు సరుకని తీసిపారేయడం కష్టమైంది.

దాని వెంటనే 1978 నాటి హాలోవీన్ చూస్తే, తక్కువ డబ్బుతో అదే పని ఎలా జరిగిందో తెలుస్తుంది. దర్శకుడు జాన్ కార్పెంటరే సంగీతం కట్టుకొన్నాడు. హంతకుడి ముఖానికి వేసింది దుకాణంలో దొరికిన, స్టార్ ట్రెక్ సీరియల్‌లోని కెప్టెన్ కర్క్ మాస్కుకు తెల్లరంగు పూసినది. 1980ల్లో దీని నకళ్ళు కుప్పలుగా వచ్చాయి. వాటిలో ఒకటి చూసినా పది చూసినా ఒకటే. అదే దశాబ్దంలో హిందీలో రామ్సే సోదరుల దయ్యం సినిమాలు నడిచాయి. 1984 నాటి పురానా మందిర్ నమూనాగా సరిపోతుంది. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉన్న కర్నూలు, ఆదోని, కడప లాంటి ఊళ్ళలో హిందీ సినిమాకు ఎప్పుడూ చూసేవాళ్ళుండేవారు కాబట్టి, ఇరుగుపొరుగు పెద్దవాళ్ళలో దాని గురించి చెప్పగలిగినవాళ్ళు దొరుకుతారు.

1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన రాత్రి సినిమాను ఇక్కడ తప్పక చూడాలి. పాడుబడ్డ హవేలీ లేదు, తాంత్రికుడి గుహ లేదు. మనలాంటి మధ్యతరగతి కుటుంబం కొత్తగా దిగిన ఇల్లు, కాలేజీకి వెళ్ళే అమ్మాయిగా రేవతి. తెలుగులో భయం అద్దె ఇంటి మెట్లకిందికి వచ్చింది ఈ సినిమాతోనే అని నేననుకొంటాను. మరుసటి సంవత్సరం మలయాళంలో వచ్చిన మణిచిత్రతాళు దయ్యాన్ని మనసులోకి తీసుకుపోయింది. దాని మూలకథే తరువాత చంద్రముఖిగా మనకు చేరింది. రెండూ చూసే తీరిక లేకపోతే మలయాళం సినిమా చూడండి. రజనీకాంత్ అభిమానులు మన్నించాలి.

టీవీలోంచి, గొంతులోంచి

1998 నాటి జపాన్ సినిమా రింగు సరిగ్గా అర్థం కావాలంటే, అద్దెకు వీసీపీ తెచ్చుకొని ఒక్క రాత్రిలో మూడు నాలుగు క్యాసెట్లు చూసిన తరం మనిషి ఒకరైనా గదిలో ఉండాలి. చూసినవాళ్ళు ఏడు రోజుల్లో చచ్చిపోయే క్యాసెట్టు అన్న ఊహలోని చురుకు వాళ్ళకే తెలుస్తుంది. బావిలోంచి వచ్చే అమ్మాయి నడక వింతగా ఉండడానికి కారణం, నటి చేత వెనక్కి నడిపించి, ఆ ఫిల్మును తిరగేసి వేయడమే. రక్తం దాదాపు లేదు, సంగీతం తక్కువ. ఫ్యాను ఆపమన్నది ముఖ్యంగా ఈ సినిమా కోసమే. తరువాతి వారం ఓరెన్ పెలీ సుమారు పదిహేను వేల డాలర్లతో తన ఇంట్లోనే తీసిన పారానార్మల్ యాక్టివిటీ పెట్టండి. మంచం ఎదురుగా కదలకుండా నిలిపిన కెమెరా, మూలన పరుగెత్తే గడియారం అంకెలు. ఇంటిముందు సీసీ కెమెరా బిగించుకొని రాత్రి ఫోనులో చూసుకొనే ఈ కాలంలో అది థియేటర్లకు వచ్చిన 2009లో కంటే ఇప్పుడే ఎక్కువగా పనిచేస్తుంది.

అదే 2009 జనవరిలో కోడి రామకృష్ణ తీసిన అరుంధతి వచ్చింది. ఇందులో పాతదీ కొత్తదీ కలిసి ఉన్నాయి: సంస్థానం, కోట, మాంత్రికుడు పాతాళభైరవి వైపు నుంచి వచ్చినవి, గ్రాఫిక్సు, దుమ్ములేపే సౌండు కొత్త కాలానివి. పశుపతిగా కనిపించేది సోనూ సూద్, కాని వినిపించేది పి. రవిశంకర్ గొంతు. సమాధి గోడ వెనక నుంచి పశుపతి పిలిచే సన్నివేశాన్ని సౌండు తీసి చూస్తే, భయంలో ఎంతభాగం డబ్బింగు చెప్పినాయనదో లెక్క తేలుతుంది.

ఆ తరువాతి పదేళ్ళు తెలుగులో దయ్యం నవ్వించడానికే పుట్టిందన్నట్టు గడిచాయి. 2013 నాటి ప్రేమకథా చిత్రమ్ ఒక్కటి చాలు. ఇంకొకటి కావాలంటే, మనుషులను చూసి దయ్యాలే భయపడే 2017 నాటి ఆనందో బ్రహ్మ తిరగేసిన ఆలోచన కాబట్టి చూడవచ్చు. మిగతావాటికి శనివారాలు ఖర్చు పెట్టవద్దు. 2018 నాటి హిందీ సినిమా తుంబాడ్ విడుదలప్పుడు పెద్దగా ఆడలేదు, 2024లో మళ్ళీ విడుదల చేస్తే మొదటిసారికంటే ఎక్కువ వసూలు చేసింది. 2022 నాటి మసూద, 2023 నాటి విరూపాక్ష తెలుగులో నవ్వును పక్కనపెట్టి మళ్ళీ భయానికే పట్టం కట్టాయి. వీటిలో మసూద మొదటి సగం నిదానాన్ని ఓపికతో భరించాలి, దాని బలం అక్కడే ఉంది. ఆఖరి వారానికి 2024 నాటి మలయాళం సినిమా భ్రమయుగం ఉంచుకోండి. రంగుల కాలంలో కావాలనే నలుపు తెలుపుల్లో తీసిన ఆ సినిమాలో మమ్ముట్టి ముఖంమీద వెలుగు ఎటునుంచి పడుతోందో సన్నివేశం సన్నివేశానికీ రాసుకోండి.

బనగానపల్లెకు ఒక పూట

సంక్రాంతి తరువాత, ఎండలు ముదరకముందే, నోటుపుస్తకం తీసుకొని బనగానపల్లె వెళ్ళిరండి. అరుంధతిలో కోటగా కనిపించే భవనం అక్కడి నవాబుల పాత బంగళా. కథ గద్వాల సంస్థానంలో జరుగుతుంది గానీ బొమ్మ మాత్రం మన దగ్గరిది. అంతకుముందు మామిడిపండుకే పేరున్న ఊరు, ఇప్పుడు అరుంధతి బంగళా ఎక్కడని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. యాగంటి వెళ్ళేవాళ్ళు ఆ దారిలోనే చూసుకోవచ్చు.

పొద్దున పదిగంటలప్పుడు ఎదురుగా నిలబడి చూస్తే అది ఎండలో వెలిసిపోయిన పాత మేడ, అంతే. ఫోనును ఛాతీ ఎత్తులో పట్టుకొని మొదటి ఫోటో తీయండి. తరువాత ఫోనును నేలకు ఆనించి, పైకి వంచి రెండోది తీయండి. ఆ మేడే మీదికి ఒరుగుతున్నట్టు పెరుగుతుంది. సాయంత్రం దాకా ఉండగలిగితే, పొద్దు బంగళా వెనక ఉండేట్టు చోటు చూసుకొని మూడోది తీయండి. కిటికీలు, వరండాలు చీకట్లో కలిసిపోయి అంచులు మాత్రమే మిగులుతాయి. పాత కట్టడం కాబట్టి లోపలికి వెళ్ళవచ్చో లేదో అక్కడివాళ్ళను అడిగి తెలుసుకోండి. గోడలెక్కడం, రాత్రి ఉండిపోవడం వద్దు. ఇంటికి వచ్చాక అరుంధతిలో ఆ బంగళా బయటి నుంచి కనిపించే ప్రతి చోటా ఆపి, కెమెరా ఎంత ఎత్తులో ఉందో, వెలుగు ఎటువైపు నుంచి వస్తోందో చూసి, మీ మూడు ఫోటోల్లో దేనికి దగ్గరగా ఉందో నోటుపుస్తకంలో ఆ సినిమా పేజీలోనే రాసి అంటించండి.